ఓడకన్నా ముందే చేరాల్సిన కబురు

భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో పెరిగిన వనామి రొయ్య ప్రాసెసింగ్ ప్లాంటులో శుభ్రపడి, గడ్డకట్టి, మైనస్ 18 డిగ్రీల రీఫర్ కంటెయినర్లోకి ఎక్కి విశాఖ రేవుకు బయల్దేరుతుంది. అక్కడి నుంచి చిన్న ఫీడర్ ఓడలో కొలంబోకో సింగపూర్‌కో వెళ్లి, పెద్ద ఓడలోకి మారి అమెరికా తీరం చేరడం దానికి మామూలు దారుల్లో ఒకటి. ఆ పెట్టె కొలంబోలో పెద్ద ఓడెక్కడానికి 24 గంటల ముందే అందులో ఏముందో, ఎవరు పంపారో, ఎవరికి చేరాలో అమెరికా కస్టమ్స్ కంప్యూటర్లకు తెలిసి ఉండాలి. తెలియకపోతే దాన్ని ఎక్కించడానికి వీల్లేదు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత ఆ దేశం తెచ్చిన నిబంధన ఇది. 2009 నుంచి దీనికి తోడు దిగుమతిదారు పది రకాల వివరాలు, ఓడ కంపెనీ రెండు రకాల వివరాలు ముందుగా ఇవ్వాలి. రొయ్యలు తినే సరుకు కాబట్టి, ఓడ రేవు చేరడానికి కనీసం 8 గంటల ముందు అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థకు విడిగా మరో కబురు వెళ్లాలి.

సరుకు ఒక్కసారే సముద్రం దాటుతుంది. దాని గురించిన సమాచారం మాత్రం ఎన్నోసార్లు, ఎన్నో రూపాల్లో దాటుతుంది. ఎన్నిసార్లో తెలుసుకోవాలని డెన్మార్క్ ఓడల కంపెనీ మేర్స్క్ 2014లో ఒక సరుకు వెంట పడింది. తూర్పు ఆఫ్రికా నుంచి యూరప్‌కు ఒక శీతల కంటెయినర్ వెళ్లాలంటే దాదాపు 30 మంది వ్యక్తులూ సంస్థల చేతులు దాటాలని, వాళ్ల మధ్య 200కు పైగా సమాచార మార్పిడులు జరుగుతాయని లెక్క తేలింది. ఇందులో ఒక్క కాగితం ఆలస్యమైనా పెట్టె రేవులో ఆగిపోతుంది. ఆగినంతసేపూ అద్దె పెరుగుతుంది, రీఫర్‌కు కరెంటు ఖర్చవుతుంది, సరుకు వయసు తరుగుతుంది.

ఇంటర్నెట్ ఇంత విస్తరించిన కాలంలోనూ రేవులు ఒకదానితో ఒకటి సాఫీగా మాట్లాడుకోలేకపోవడం వింతగానే ఉంటుంది. తీగలు ఎప్పుడో వేశారు, కంప్యూటర్లకూ కొదవలేదు. కుదరాల్సింది ఒప్పందం. ఏ వివరాన్ని ఏ పేరుతో పిలవాలి, ఎవరు చెప్పింది ఎవరు నమ్మాలి, తప్పు జరిగితే ఎవరు బాధ్యులు అన్న మూడు ప్రశ్నల చుట్టూనే ఈ కథంతా తిరుగుతుంది.

పదకొండు గుర్తుల్లో ఒక కాపలాదారు

1956 ఏప్రిల్ 26న అమెరికాలోని న్యూవార్క్ నుంచి హ్యూస్టన్‌కు ఐడియల్ ఎక్స్ అనే ఓడ 58 పెట్టెలతో బయల్దేరింది. మాల్కమ్ మెక్‌లీన్ అనే లారీల వ్యాపారి ఆలోచన అది. తర్వాతి పదేళ్లు పదిహేనేళ్లలో పెట్టె కొలతలు, మూలల్లో క్రేన్ పట్టుకునే అమరిక ప్రపంచమంతటా ఒకేలా ఖరారయ్యాయి. సరుకును ఒక్కో బస్తాగా మోసే రోజులు పోయి, ఏ దేశపు పెట్టెనైనా ఏ దేశపు క్రేనైనా ఎత్తగలిగింది.

పెట్టెకు పేరు పెట్టడానికీ ఒక అంతర్జాతీయ పద్ధతి ఉంది. నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, ఆరంకెలు, చివర విడిగా గడిలో మరో అంకె. ఈ చివరి అంకె పెట్టె యజమాని ఇష్టప్రకారం రాసేది కాదు, ముందున్న పది గుర్తుల నుంచి లెక్కగట్టి రాబట్టేది. అక్షరాలకు 10 నుంచి 38 వరకు విలువలుంటాయి, పదకొండు గుణిజాలను మాత్రం వదిలేస్తారు. మొదటి గుర్తు విలువను 1తో, రెండోదాన్ని 2తో, మూడోదాన్ని 4తో, ఇలా రెట్టింపు చేసుకుంటూ పదోదాన్ని 512తో హెచ్చవేసి, అన్నీ కూడి 11తో భాగిస్తారు. మిగిలిందే ఆ అంకె. పాఠాల్లో తరచూ కనిపించే ఉదాహరణ ‘సి ఎస్ క్యూ యు 305438’. సి 13, ఎస్ 30, క్యూ 28, యు 32. మొత్తం 6185 వస్తుంది. 11తో భాగిస్తే 3 మిగులుతుంది. కాబట్టి పెట్టె మీద చివరి అంకె 3.

గేటు దగ్గర కెమెరా 8ని 3గా చదివినా, ఆఫీసులో ఎవరో రెండంకెలు తారుమారుగా కొట్టినా లెక్క దాదాపు ఎప్పుడూ తప్పుతుంది. కంప్యూటర్ వెంటనే ఆపుతుంది. రేవుల మధ్య తిరిగే డేటాలో ఇది అతి చిన్న భద్రతా ఏర్పాటు. మనిషి పొరపాటు పడతాడని ముందే ఒప్పుకుని, ఆ పొరపాటును పట్టుకునే పని సమాచారానికే అప్పగించారు.

విమానాల వంతెన నుంచి ఓడల దాకా

కంప్యూటర్ల మధ్య వ్యాపార పత్రాల మార్పిడికి బీజం పడింది రేవులో కాదు, యుద్ధానంతర బెర్లిన్‌లో. 1948లో సోవియట్ యూనియన్ పశ్చిమ బెర్లిన్‌కు భూమార్గాలు మూసేస్తే, మిత్రదేశాలు విమానాల్లో బొగ్గు, తిండి చేరవేశాయి. వచ్చే సరుకుల జాబితాలు రకరకాల భాషల్లో, రకరకాల నమూనాల్లో ఉండేవి. అమెరికా సైన్యానికి చెందిన ఎడ్వర్డ్ గిల్బర్ట్ అందరూ వాడాల్సిన ఒకే జాబితా నమూనాను తయారుచేశారు. టెలెక్స్, రేడియో, ఫోన్, దేనిలో పంపినా అర్థమయ్యేలా అది ఉండేది. 1965లో హాలండ్-అమెరికా ఓడల కంపెనీ అట్లాంటిక్ అవతలికి సరుకుల జాబితాలను టెలెక్స్‌లో పంపి, అక్కడ వాటిని కంప్యూటర్లోకి ఎక్కించింది.

1980ల చివరికి ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో ఎడిఫాక్ట్ ప్రమాణం వచ్చింది. సరుకు రవాణాలో ఒక్కో పనికి ఒక్కో సందేశం, ఆ సందేశంలో ఏ వివరం ఏ స్థానంలో రావాలో కచ్చితమైన క్రమం. వీటిలో ‘బాప్లీ’ అనే సందేశం ఓడలో ఏ పెట్టె ఎక్కడుందో చెబుతుంది. అందులో పెట్టె చిరునామా అంకెల్లోనే ఉంటుంది. ఉదాహరణకు 14, 06, 82. ముక్కు నుంచి తోక దాకా ఓడను అడ్డంగా విభజించిన వరసల్లో 14 నంబరుది. సరిసంఖ్య కాబట్టి అది 40 అడుగుల పెట్టె. 06 అంటే మధ్యరేఖకు ఎడమ పక్క మూడోది, బేసి సంఖ్య అయితే కుడి పక్క. 82 అంటే ఓడ పైతట్టు మీద మొదటి అంతస్తు.

ఓడ విశాఖ వదలగానే ఈ పటం కొలంబోకు వెళ్తుంది. అక్కడి ప్లానర్ ఓడ రాకముందే ఏ పెట్టె ముందు దించాలో, దేన్ని ఏ క్రేన్‌కు ఇవ్వాలో, ఏ రీఫర్‌కు యార్డులో ప్లగ్గు సిద్ధంగా ఉంచాలో నిర్ణయించుకోగలడు. పటం తప్పయితే పైనున్న పది పెట్టెలు దించి, కిందిది తీసి, మళ్లీ పది ఎక్కించాలి. ఓడ బెర్త్‌లో ఉన్న ప్రతి గంటకూ డబ్బు పోతుంది.

అబద్ధమూ అంతే వేగంగా వెళ్తుంది

డేటా మార్పిడి వేగాన్ని పెంచుతుంది. డేటాలోని అబద్ధాన్ని మాత్రం నిజం చేయలేదు. 2007 జనవరిలో ఇంగ్లిష్ చానల్‌లో తుఫానుకు ఎంఎస్‌సీ నపోలీ ఓడ పొట్ట పగిలింది. తర్వాత పైతట్టు మీద తడవకుండా మిగిలిన 660 పెట్టెలను తూస్తే, 137 పెట్టెల బరువు కాగితాల్లో చెప్పినదానికీ అసలుకూ మూడు టన్నులకు మించి తేడా ఉంది. బరువుల ఆధారంగానే ఓడ సమతూకం, దాని ఒంటి మీద పడే ఒత్తిడి లెక్కగడతారు. లెక్క పక్కాగా చేసినా, అందులోకి వెళ్లిన అంకెలే తప్పు.

ఇలాంటి అనుభవాల తర్వాత 2016 జులై 1 నుంచి అంతర్జాతీయ సముద్ర భద్రతా నిబంధనల్లో మార్పు వచ్చింది. సరుకు నింపిన పెట్టె బరువును తూకం ఆధారంగా ధ్రువీకరించి ముందుగా అందిస్తే తప్ప ఓడెక్కించకూడదు. ఇప్పుడు విశాఖలోనైనా రోటర్‌డామ్‌లోనైనా ఈ బరువు కూడా ఒక ఎలక్ట్రానిక్ సందేశంగా టెర్మినల్‌కు చేరుతుంది. గొలుసు మొదట్లో ఎవరో ఒకరు నిజంగా కాటా వేసి తూచాలి. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ లేదు.

ముప్పై మందికి 435 దారులు

ఒక రేవు చుట్టూ ఉండేవాళ్లను లెక్కపెట్టండి. ఎగుమతిదారు, కస్టమ్స్ బ్రోకరు, ఫార్వర్డరు, ఓడ కంపెనీ, దాని ఏజెంటు, టెర్మినల్, లారీ యజమాని, రైల్వే, బ్యాంకు, బీమా కంపెనీ, కస్టమ్స్, ఆరోగ్య ధ్రువపత్రం ఇచ్చే అధికారి, పోర్టు అథారిటీ. వీళ్లు 30 మంది అనుకుని, ప్రతి ఒక్కరూ మిగతా అందరితో విడివిడిగా కంప్యూటర్లు కలుపుకోవాలంటే 435 లంకెలు కావాలి. మధ్యలో ఒక కూడలి పెట్టి అందరూ దానికే కలిస్తే 30 చాలు. ఈ కూడలికే పోర్ట్ కమ్యూనిటీ సిస్టమ్ అని పేరు.

జర్మనీలోని హాంబర్గ్ రేవు 1982లోనే డాకోసీ అనే సంస్థతో ఈ పని మొదలుపెట్టింది. సింగపూర్ 1989 జనవరిలో ట్రేడ్‌నెట్ తెచ్చింది. అంతకుముందు ఎగుమతిదారు రకరకాల ఫారాలు పట్టుకుని శాఖ నుంచి శాఖకు తిరిగేవాడు, అనుమతికి రోజులు పట్టేది. ట్రేడ్‌నెట్‌తో ఒకే ఎలక్ట్రానిక్ దరఖాస్తు సంబంధిత శాఖలన్నింటికీ చేరి, అనుమతి నిమిషాల్లోకి వచ్చింది.

మన దేశంలో కస్టమ్స్‌కు ఐస్‌గేట్ అనే ద్వారం ఉంది. ఎగుమతికి షిప్పింగ్ బిల్లు, దిగుమతికి బిల్ ఆఫ్ ఎంట్రీ అందులోనే దాఖలు చేస్తారు. 2016 ఏప్రిల్ నుంచి స్విఫ్ట్ అనే ఏకగవాక్షం ద్వారా ఆహార భద్రత, మొక్కల క్వారంటైన్ లాంటి శాఖల అనుమతులూ ఆ దరఖాస్తుతోనే సాగుతున్నాయి. రేవుల వైపు చూస్తే 2018 డిసెంబరులో పీసీఎస్1ఎక్స్, 2023 జనవరిలో దాని తర్వాతి మెట్టుగా నేషనల్ లాజిస్టిక్స్ పోర్టల్ మెరైన్ వచ్చాయి. పెట్టెలకు రేడియో ట్యాగు తగిలించి, గేట్ల దగ్గరా టోల్ ప్లాజాల దగ్గరా దాన్ని చదివే లాజిస్టిక్స్ డేటా బ్యాంకు ముంబయి పక్కనున్న జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో 2016లో మొదలై ఇతర రేవులకు విస్తరించింది.

అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 1965లోనే ఓడ రాకపోకల కాగితాలను తగ్గించడానికి ఒక ఒడంబడిక చేసింది. 2019 ఏప్రిల్ నుంచి ఆ వివరాలను ఎలక్ట్రానిక్‌గా ఇచ్చిపుచ్చుకోవడం తప్పనిసరైంది. 2024 జనవరి 1 నుంచి అందుకు ప్రతి సభ్యదేశంలో ఏకగవాక్షం ఉండాలి. ఆలోచనకూ ఆచరణకూ మధ్య దాదాపు అరవై ఏళ్లు పట్టింది.

సరిహద్దు దగ్గర చిక్కుముడి

ఒక రేవు లోపల అందరినీ ఒకచోటికి తేవడానికి ఒక ప్రభుత్వం గట్టిగా అనుకుంటే చాలు. రెండు దేశాల రేవులు కలవాలంటే ఆ అధికారం ఎవరి దగ్గరా లేదు. భారత్‌లో ఎగుమతిదారు ఇచ్చిన వివరాలే అవతలి దేశంలో దిగుమతిదారు ఇవ్వాల్సినవి. అదే సరుకు, అదే బరువు, అదే పెట్టె. అయినా అవతలివైపు ఎవరో ఒకరు కాగితం చూసి మళ్లీ మొదటి నుంచి కొడతారు.

కొన్ని ఉమ్మడి మాటలు ఇప్పటికే ఉన్నాయి. రేవులకు అయిదక్షరాల గుర్తులున్నాయి. విశాఖపట్నం ‘ఐఎన్‌వీటీజడ్’, కొలంబో ‘ఎల్‌కేసీఎంబీ’. సరుకులకు 1988లో అమల్లోకి వచ్చిన హార్మొనైజ్డ్ సిస్టమ్ ఉంది. దాని ఆరంకెలు ప్రపంచమంతటా ఒకటే. గడ్డకట్టించిన మామూలు రొయ్య 030617. ఆ తర్వాత దారులు చీలుతాయి. భారత్ ఎనిమిది అంకెలదాకా, అమెరికా పది అంకెలదాకా సొంత విభజన చేసుకున్నాయి. మొదటి ఆరూ యంత్రానికి అర్థమవుతాయి, మిగతావాటి దగ్గర మనిషి కూర్చోవాలి.

కాలం విషయంలోనూ ఇదే తంతు. ‘ఓడ ఆరింటికి వస్తుంది’ అంటే లంగరు వేసే చోటికా, పైలట్ ఎక్కే చోటికా, బెర్త్‌కా? ఒక రేవు ఒకటి అనుకుంటుంది, ఇంకో రేవు మరొకటి. మధ్యలో గంటల తేడా. అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్ల శ్రమలో పెద్ద భాగం కోడ్ రాయడానికి కాకుండా నిర్వచనాలు ఖరారు చేయడానికి పోతుంది.

నిర్వచనాలు కుదిరాక నమ్మకం కుదరాలి. ఆగ్నేయాసియాలో ఇండోనేషియా, మలేషియా, సింగపూర్, థాయిలాండ్, వియత్నాం 2018 జనవరి నుంచి సరుకు ఏ దేశంలో తయారైందో చెప్పే ధ్రువపత్రాన్ని ఆసియాన్ ఏకగవాక్షం ద్వారా ఎలక్ట్రానిక్‌గా మార్చుకోవడం మొదలుపెట్టాయి. సుంకం రాయితీ ఆ పత్రం మీదే ఆధారపడుతుంది కాబట్టి అది చిన్న విషయం కాదు. పక్క దేశపు అధికారి సంతకాన్ని చూడకుండా, అక్కడి కంప్యూటర్ పంపిన వరుసను నమ్మి ఇక్కడ సుంకం తగ్గిస్తారు. భారత్, యూఏఈ 2024లో మైత్రి పేరుతో వర్చువల్ వాణిజ్య మార్గాన్ని ప్రారంభించింది ఈ తోవలోనే. 2023 సెప్టెంబరులో ఢిల్లీ జీ20 సమావేశాల్లో ప్రకటించిన భారత్-పశ్చిమాసియా-యూరప్ నడవాలో పట్టాలు, ఓడలతో పాటు ఈ డేటా దారీ ఒక భాగం.

నకలు తీయకూడని కాగితం

అన్నింటికన్నా మొండి కాగితం బిల్ ఆఫ్ లేడింగ్. ఇది సరుకు అందుకున్నట్టు రసీదు, రవాణా ఒప్పందానికి రుజువు, ఆ పైన సరుకు మీద హక్కు పత్రం. ఓడ నడిసముద్రంలో ఉండగానే ఈ కాగితం చేతులు మారితే సరుకు యజమానీ మారతాడు. బ్యాంకులు దీన్ని తాకట్టుగా పెట్టుకుని అప్పిస్తాయి. పొలం దస్తావేజు ఫొటో వాట్సాప్‌లో పంపితే పొలం చేతులు మారదు కదా, ఇదీ అంతే. అసలు ప్రతి ఎవరి చేతిలో ఉందన్నదే ముఖ్యం. డిజిటల్ ఫైలు స్వభావం దీనికి పూర్తిగా విరుద్ధం. దాన్ని ఎన్నిసార్లు నకలు తీసినా ప్రతి నకలూ అసలే.

‘ఈ క్షణాన దీన్ని ఒక్కరే పట్టుకుని ఉన్నారు’ అని కంప్యూటర్ వ్యవస్థ హామీ ఇవ్వాలి, ఆ హామీని న్యాయస్థానం ఒప్పుకోవాలి. మొదటిదాన్ని ఇంజినీర్లు పాతికేళ్ల కిందటే సాధించారు. 1999లోనే బొలేరో అనే వేదిక ఎలక్ట్రానిక్ బిల్లులు మొదలుపెట్టింది. రెండోదే ఆలస్యమైంది. ఐక్యరాజ్యసమితి వాణిజ్య చట్టాల సంఘం 2017లో నమూనా చట్టం రాసింది. సింగపూర్ 2021లో దాన్ని స్వీకరించింది. ఓడల వ్యాపారంలో ఎక్కువ ఒప్పందాలు ఇంగ్లండ్ చట్టం కిందే సాగుతాయి కాబట్టి, 2023 సెప్టెంబరు 20న బ్రిటన్‌లో ఎలక్ట్రానిక్ వాణిజ్య పత్రాల చట్టం అమల్లోకి రావడం పెద్ద మలుపు. అదే ఏడాది పెద్ద కంటెయినర్ కంపెనీలు 2030 నాటికి పూర్తిగా ఎలక్ట్రానిక్ బిల్లులకు మారతామని ప్రకటించాయి. మన దేశంలో 1856 నాటి బిల్ ఆఫ్ లేడింగ్ చట్టం స్థానంలో కొత్త చట్టం 2025లో వచ్చింది.

యంత్రం పనిచేసింది, మనుషులు కలవలేదు

మేర్స్క్, ఐబీఎం కలిసి 2018లో ట్రేడ్‌లెన్స్ అనే వేదిక తెచ్చాయి. బ్లాక్‌చెయిన్ ఆధారంగా పనిచేసే ఆ వ్యవస్థలో రేవులు, కస్టమ్స్, ఓడ కంపెనీలు ఒకే చోట సమాచారం పంచుకోవచ్చు. పోటీ కంపెనీల్లో కొన్ని పెద్దవి కూడా చేరాయి. అయినా 2022 నవంబరులో దాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించారు. ప్రపంచవ్యాప్తంగా పరిశ్రమ పూర్తి సహకారం దొరకలేదన్నది వాళ్లు చెప్పిన కారణం. తన ఖాతాదారుల వివరాలన్నీ ప్రత్యర్థి కట్టిన ఇంట్లో దాచడానికి ఏ కంపెనీకైనా సంకోచం ఉంటుంది. అప్పటి నుంచి రంగం వేరే వైపు నడుస్తోంది. అందరూ ఒకే వేదికలో చేరడం బదులు, ఎవరి వేదిక వాళ్లు ఉంచుకుని, వాటి మధ్య సందేశాల నమూనాను ఉమ్మడిగా ఒప్పుకోవడం.

కలిసిన కొద్దీ ప్రమాదమూ కలిసే వస్తుంది. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే విధ్వంసక ప్రోగ్రాం మేర్స్క్ కంప్యూటర్లను తుడిచేసింది. పలు దేశాల్లో టెర్మినళ్ల గేట్లు ఆగిపోయాయి, జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులోని ఒక టెర్మినల్ కూడా అందులో ఉంది. ఘనాలోని ఆఫీసులో ఆ సమయానికి కరెంటు పోవడంతో అక్కడి ఒక సర్వర్ బతికింది. దాని ఆధారంగానే నెట్‌వర్క్ తిరిగి నిలబెట్టారు. పది రోజుల్లో 4 వేల సర్వర్లు, 45 వేల కంప్యూటర్లు మళ్లీ సిద్ధం చేయాల్సి వచ్చిందని కంపెనీ ఛైర్మన్ తర్వాత చెప్పారు. అంతకుముందు బెల్జియంలోని యాంట్‌వెర్ప్ రేవులో మత్తుమందుల ముఠా 2011 నుంచి రెండేళ్లపాటు కంప్యూటర్లలోకి చొరబడి, తమ పెట్టెలు ఎక్కడున్నాయో, వాటిని విడిపించే రహస్య సంఖ్యలేమిటో తెలుసుకుని, అసలు యజమానికన్నా ముందే లారీ పంపి తీసుకుపోయింది. తెరిచిన ప్రతి డేటా దారికీ ఎవరు ఏది చూడవచ్చో చెప్పే కాపలా ఉండాలన్నది దీని పాఠం.

నెమ్మదిగా వెళ్తే లాభం

ఈ శ్రమకు ప్రతిఫలం రేవు గేటు దగ్గరే ఆగదు. బెర్త్ ఖాళీ లేదని తెలియక ఓడ పూర్తి వేగంతో వచ్చి, రేవు బయట లంగరు వేసుకుని రోజుల తరబడి నిలబడటం ఇప్పటికీ మామూలే. నీటిలో ఓడను నెట్టడానికి కావాల్సిన శక్తి దాదాపు వేగం ఘనానికి అనులోమంగా పెరుగుతుంది. వేగం పదిశాతం తగ్గితే అవసరమయ్యే శక్తి సుమారు 27 శాతం తగ్గుతుంది. ప్రయాణం కాస్త పొడుగవుతుంది కాబట్టి అదే దూరానికి ఇంధనం సుమారు 19 శాతం ఆదా. బెర్త్ ఎప్పుడు ఖాళీ అవుతుందో రేవు ముందే కచ్చితంగా చెప్పగలిగితే, ఓడ నింపాదిగా సరిగ్గా వేళకు చేరవచ్చు. కంటెయినర్ ఓడలు ప్రయాణం మొత్తం ఇలా సర్దుకుంటే ఇంధనంలో దాదాపు 14 శాతం మిగులుతుందని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఆధ్వర్యంలో జరిగిన అధ్యయనం 2022లో లెక్కగట్టింది. దీనికి కొత్త ఇంజిను అక్కర్లేదు. ‘బెర్త్‌కు చేరే సమయం’ అనే ఒక్క వివరం సరైన అర్థంతో, సరైన చేతికి, సరైన వేళకు అందితే చాలు.

ప్రభుత్వాలూ రేవులూ కొత్త పోర్టల్ ప్రారంభించినప్పుడల్లా దాన్నో విజయంగా ప్రకటిస్తాయి. పెద్ద కంపెనీకి ప్రతి పోర్టల్‌కూ ఒక ఉద్యోగిని పెట్టుకునే స్తోమత ఉంటుంది. నెలకు నాలుగు కంటెయినర్లు పంపే చిన్న ఎగుమతిదారుకు ఉండదు. అతని వైపు నుంచి చూస్తే ఏ డిజిటల్ వ్యవస్థనైనా కొలవడానికి ఒకే ప్రశ్న సరిపోతుంది: ప్లాంటులో ఒకసారి కాటా వేసిన బరువు, అమెరికా గిడ్డంగి చేరేదాకా ఎన్నిసార్లు మళ్లీ చేత్తో కొట్టాల్సి వస్తోంది? ఆ సంఖ్య సున్నాకు దగ్గరవుతున్న రేవు ముందుకు వెళ్తున్నట్టు. పెరుగుతుంటే, తెర మీద ఎంత మెరిసినా అది కాగితాల కట్టే.